డొంక కొలిచారు, ఖాళీ చేయించారు: గుంటూరు జిల్లాలో ఒక తహసీల్దార్ ఆఫీసు మీద నా రివ్యూ

గుంటూరు జిల్లాలో ఉన్న 18 మండలాల్లో ఒక తహసీల్దార్ ఆఫీసు పనితీరు గురించి రాస్తున్నాను. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ సంగతి కాదు, వాటికి ఇప్పుడు జనం గ్రామ సచివాలయానికి వెళ్తున్నారు. ఊరుమ్మడి భూమిని ఆక్రమించారని అర్జీ ఇస్తే ఆ ఆఫీసు ఏం చేసింది, ఏ వరసలో చేసింది, ఎక్కడ చేతులెత్తేసింది, అదీ విషయం. ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. మండలం పేరు రాయడం లేదు, ఎందుకంటే ఒక ముక్క మీద గొడవ ఇంకా తేలలేదు, ఆ తహసీల్దార్ మేడం అక్కడే ఉద్యోగం చేస్తున్నారు, నా రివ్యూ పట్టుకుని ఎవరూ ఆమెని ఇబ్బంది పెట్టకూడదు. నేను రెవెన్యూలోనే డిప్యూటీ తహసీల్దార్‌గా రిటైరయ్యాను, అందుకని ఆఫీసు లోపల ఫైలు ఎలా కదులుతుందో, ఎవరి బల్ల మీద ఎందుకు ఆగిపోతుందో నాకు తెలుసు. ఈసారి మాత్రం కౌంటరు బయట, ఊరివాళ్ళతో పాటు అర్జీదారుగా నిలబడ్డాను.

మాది నల్లరేగడి ఊరు, మిర్చి, పత్తి వేస్తారు. ఊరి చివర నుంచి పొలాల మధ్యగా వాగు దాకా పోయే బండిదారి ఒకటి ఉంది, రికార్డులో డొంక పోరంబోకు, అంటే దారి కోసం వదిలిన సర్కారు భూమి. ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పటాల పుస్తకం) ప్రకారం దాని వెడల్పు 40 లింకులు, అంటే 26 అడుగుల పైమాటే, ఎదురెదురుగా రెండు ట్రాక్టర్లు వస్తే హాయిగా తప్పుకోవచ్చు. నేల మీద చూస్తే కొన్నిచోట్ల ట్రాలీ చక్రాలు రెండు పక్కలా గట్లని రాసుకుంటూ పోవాలి. ఇది రాత్రికి రాత్రి జరిగింది కాదు. ఏటా వేసవి దుక్కిలో గట్టు ఒక నాగటి చాలు మేర దారిలోకి జరుగుతుంది, ఎవరూ అడగరు, మరుసటి ఏడు ఇంకో చాలు, ఒక తరం గడిచేసరికి దారి సగమైంది. తారు రోడ్డు దగ్గర ఒక వెంచర్ వాళ్ళు ప్రీకాస్ట్ గోడ వేసి మూల కోసేశారు. మలుపు దగ్గర ఒక ముసలామె రేకుల గుడిసె వేసుకుని ఉంది. వానలకు ఆ దారి మోకాలి లోతు బురద, పక్కకి తప్పించి తోలడానికి చోటు లేదు. మిర్చి కోతలప్పుడు అకాల వర్షం పడితే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా మోసుకొచ్చారు, ఆ మోత కూలి రైతు నెత్తినే పడింది. ఒకసారి కూలికి వచ్చిన మనిషిని పాము కరిస్తే ఆటో లోపలికి రాలేక నులక మంచం మీద మోసుకొచ్చారు. బతికాడు, అదృష్టం.

ఈ మేడం రాకముందు కూడా ఊరివాళ్ళు అర్జీలు పెట్టారు. రెవెన్యూకి వెళితే డొంక పంచాయతీది అన్నారు, పంచాయతీకి వెళితే హద్దులు చూపించాల్సింది రెవెన్యూ అన్నారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉండటమే చిక్కు. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఊరి దారులు పంచాయతీకి చెందుతాయి, ఆ ఆస్తుల పరిరక్షణకు 2011లో విడిగా నియమాలు కూడా వచ్చాయి. కానీ ఆక్రమించినవాణ్ణి ఖాళీ చేయించడానికి తహసీల్దార్ చేతిలో ఉన్న చట్టం 1905 నాటి భూ ఆక్రమణల చట్టం, కొలిచి హద్దు చూపించే మనిషి సర్వేయర్. ఈ ముగ్గుర్నీ ఒకచోట కూర్చోబెట్టే వాళ్ళు లేకపోతే జనం ఆ గడపకీ ఈ గడపకీ తిరుగుతూ ఉండాల్సిందే. ఒక అర్జీనైతే ఎవరూ పొలానికి రాకుండానే ‘పరిష్కరించబడింది’ అని ఆన్‌లైన్‌లో మూసేశారు. ఆ మెసేజ్ ఫోన్‌కి వచ్చిన రోజు మా అన్న కొడుకు నాకు ఫోన్ చేసి, “బాబాయ్, పరిష్కారం అయిందంట, మరి గట్టు అక్కడే ఉందే” అన్నాడు. ఆ కుర్రాడి గొంతులో కోపం కూడా లేదు. నా శాఖ మీద నాకు అంత బాధ ఎప్పుడూ కలగలేదు.

తర్వాత ఈ మేడం బదిలీ మీద వచ్చారు. ఊరివాళ్ళం మళ్ళీ అర్జీ రాసి సోమవారం జనం అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లో ఇచ్చాం. కలెక్టరేట్‌లో ఇచ్చినా అది తిరిగి మండలానికే వస్తుంది. ఆమె మమ్మల్ని పిలిపించి మొదట అడిగిన మాట, “ఎవరు ఆక్రమించారో తర్వాత చెప్పండి, ఏ సర్వే నంబరు నుంచి ఏ సర్వే నంబరు దాకా దారి ఉండాలో ముందు చెప్పండి” అని. నాకు అక్కడే నమ్మకం కుదిరింది. ఎవరు అన్న దగ్గర మొదలుపెడితే అది కక్షగా మారుతుంది, పార్టీ గొడవ అవుతుంది. సర్వే నంబరు దగ్గర మొదలుపెడితే అది లెక్క.

ఆమె తన టీముని ఎలా నడిపించారన్నదే ఈ రివ్యూలో అసలు విషయం, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఒక మండల ఆఫీసులో తహసీల్దార్ కింద డీటీ (డిప్యూటీ తహసీల్దార్), ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్), మండల సర్వేయర్, భూముల సీటు చూసే జూనియర్ అసిస్టెంట్, ఊరూరా వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి), వీఆర్‌ఏ (ఆయనకి సహాయకుడు), 2019 అక్టోబరు 2న సచివాలయాలు మొదలయ్యాక గ్రామ సర్వేయర్లు కూడా. మనుషులు తక్కువేం కాదు. కానీ ప్రభుత్వ భూమి విషయం వచ్చేసరికి అది ఎవరి పని అన్నది ఎవరికీ స్పష్టంగా ఉండదు. పింఛన్ల సర్వే, ఓటర్ల జాబితా, వరదల డ్యూటీ, మంత్రిగారి పర్యటన, వీటన్నిటికీ తారీఖులుంటాయి, పై నుంచి ఫోన్లు వస్తాయి. పోరంబోకు నోరెత్తి అడగదు కాబట్టి దాని పని ఎప్పుడూ వచ్చే వారానికి పోతుంది.

మేడం ముందు ఒక రిజిస్టర్ తెరిపించారు. ప్రతి ఊరికీ ఆర్‌ఎస్‌ఆర్ (ఏ సర్వే నంబరు ఏ రకం భూమో రాసి ఉండే పాత రిజిస్టర్) దగ్గర పెట్టుకుని ప్రభుత్వ భూమి అంతా నంబరు వారీగా రాయించారు: వాగు, చెరువు, డొంక, శ్మశానం, మేత పోరంబోకు, బంజరు, దేని విస్తీర్ణం ఎంత, నేల మీద ఇప్పుడు ఎంత ఉంది, చివరిసారి చూసిన తారీఖు, చూసినవాళ్ళ సంతకం, ఫోటో. పక్కనే 22-ఏ జాబితాలో ఆ నంబరు ఉందా లేదా అన్న గడి. రిజిస్ట్రేషన్ చట్టంలోని ఆ సెక్షన్ కింద ప్రభుత్వ భూమిని నిషేధిత జాబితాలో పెట్టకపోతే రేపు ఎవడో దాన్ని అమ్మేస్తాడు, సబ్‌రిజిస్ట్రార్‌కి ఆపే ఆధారం ఉండదు. కొన్ని నంబర్లు జాబితాలోకి ఎక్కనే లేదని ఈ పనిలోనే బయటపడింది. రైతుల సొంత పట్టా నంబర్లు పొరపాటున జాబితాలో చిక్కుకున్నవీ కనపడ్డాయి, వాటిని తీసెయ్యమని కూడా ఆమే పైకి రాశారు. నాకు నచ్చింది అది. సర్కారు భూమి కాపాడతామని చెప్పి రైతు భూమి పట్టి ఉంచడం న్యాయం కాదు.

ఇది రాస్తుంటే ఒక పాత సంగతి గుర్తొస్తోంది. 1984లో కరణాల వ్యవస్థ తీసేశారు, మరుసటేడు మండలాలు వచ్చాయి. కరణంగారి ఇంట్లో ఉన్న లెక్కలు ఆఫీసుకి వచ్చాయి కానీ ఆయన తలలో ఉన్న లెక్క రాలేదు, ఏ రాయి ఎక్కడుందో, ఏ డొంక ఎక్కడ మలుపు తిరుగుతుందో ఆయనతోనే పోయింది. తర్వాత వచ్చిన వీఆర్వోల విషయంలోనూ అదే జరుగుతోంది, మనిషి బదిలీ అయితే ఊరి భూమి గురించిన జ్ఞానం బదిలీ అయిపోతుంది. మొత్తం మనిషి మీద వదిలేయకుండా కాగితం మీదకి తేవడం చిన్న పనిలా కనపడుతుంది, కానీ చేయించడం చాలా కష్టం, ఎందుకంటే రాసి సంతకం పెడితే రేపు దానికి జవాబు చెప్పాలి, అందుకని కింద స్టాఫ్ ఎవరూ ఇష్టపడరు. ఆమె ఎలా ఒప్పించారంటే ప్రతి పేజీలో వీఆర్వో సంతకం కింద తన సంతకం పెట్టారు. ‘మీరు చూసింది రాయండి, ఆక్రమణ ఉంటే ఉందనే రాయండి, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని నేను మెమో ఇవ్వను’ అని మీటింగులో చెప్పారట. ఈ మాట నాతో ఒక వీఆర్వోనే చెప్పాడు. ఒక ఊరి వీఆర్వో చూసిన దాన్ని పక్క ఊరి వీఆర్వోతో మళ్ళీ చూపించారు, తేడా వస్తే ఆర్‌ఐ వెళ్ళాలి. నేను సర్వీసులో చూసిన చాలామంది పై అధికారులు మీటింగులో అందరి ముందూ కేకలేసి పని జరుగుతుందనుకునేవాళ్ళు. కేకలకి భయపడినవాడు నిజం దాస్తాడు. ఈ ఆఫీసులో నిజం రాసినవాడికి రక్షణ దొరికింది, అందుకే పని ముందుకు వెళ్ళింది.

కొలత రోజు గురించి చెప్పాలి. ముందు రోజే రెండు పక్కల రైతులకీ, పంచాయతీ కార్యదర్శికీ, వెంచర్ వాళ్ళకీ నోటీసు అందించి సంతకాలు తీసుకున్నారు. పొద్దున్నే మండల సర్వేయర్, గ్రామ సర్వేయర్ ఎఫ్‌ఎంబీ కాపీ, ఊరి నక్ష (పటం), రోవర్ (ఉపగ్రహాల సాయంతో కొలిచే పరికరం) తీసుకొచ్చారు. మా ఊళ్ళో రీసర్వే కాలేదు. రాష్ట్రంలో 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్ళపాడులో మొదలైన ఆ కార్యక్రమం మా దాకా రాలేదు, కాబట్టి పాత ఎఫ్‌ఎంబీయే ఆధారం. రోవర్ ఎంత ఖరీదైనదైనా మొదలుపెట్టడానికి నేల మీద ఒక నమ్మకమైన గుర్తు కావాలి. మూడు ఊళ్ళ హద్దు కలిసేచోట ట్రై జంక్షన్ రాయి ఉండాలి, అది కనపడలేదు. వెంచర్ తరఫున వచ్చిన కుర్రాడు గూగుల్ మ్యాప్ పెట్టి చూద్దామన్నాడు. సర్వేయర్ ఏమీ మాట్లాడకుండా నక్ష చూసుకుంటూ, పక్క ఊరి వైపు దొరికిన ఒక పాత హద్దు రాయి నుంచి కొలుచుకుంటూ వచ్చి, ఒక సర్కారు తుమ్మ కంప ముందు ఆగి “ఇక్కడ కొట్టండి” అన్నాడు. కంప నరికి, గునపంతో ఒక మూర లోతు తవ్వితే ఠంగుమని చప్పుడు. మట్టి తుడిస్తే రాయి తల మీద గాడి గుర్తు స్పష్టంగా ఉంది, ఎప్పుడో తాతల కాలంలో చెక్కింది, పక్కలకి నల్లమట్టి పట్టుకుని ఉంది. అక్కడున్న పెద్ద రైతులు ఇద్దరు, గట్టు జరిపినవాళ్ళే, వంగి ఆ గాడి మీద వేలు పెట్టి చూశారు. ఆ తర్వాత వాళ్ళు కొలత మీద వాదించలేదు.

మేడం ఆ రోజంతా అక్కడే ఉన్నారు. మార్చి ఎండ, గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడ్డారు. సర్వేయర్ కొలుస్తున్నప్పుడు ఒక్క మాట మధ్యలో కల్పించుకోలేదు, ఇది నేను కావాలని గమనించాను, పై అధికారి పక్కనుంటే సర్వేయర్ చెయ్యి ఎటు వంగుతుందో నాకు అనుభవం. మధ్యలో ఎవరో నాయకుడి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. ఆమె చెప్పింది ఇంతే: “సార్, కొలత అయ్యాక అందరికీ నోటీసు ఇస్తాం, మీవాళ్ళ దగ్గర ఏ కాగితం ఉన్నా తీసుకురమ్మనండి, చూసే ఆర్డర్ రాస్తాను.” గొంతు పెంచలేదు, సాగదీయలేదు. ఫోన్ పెట్టేసి సర్వేయర్‌తో “మీరు కానివ్వండి” అన్నారు. ఒత్తిడి తన దగ్గర ఆగిపోయి కింద మనిషికి చేరకుండా చూసుకోవడం, టీముని నడిపేవాళ్ళు చేయాల్సిన పనుల్లో నా దృష్టిలో ఇదే పెద్దది.

చట్టం సంగతి తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు. 1905 చట్టంలో సెక్షన్ 7 కింద ముందు నోటీసు ఇవ్వాలి, ఎందుకు ఖాళీ చేయించకూడదో చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. జవాబు చూసి, కారణాలు రాసి, సెక్షన్ 6 కింద ఆర్డర్ వేయాలి. ఆ ఆర్డర్ మీద పైకి అప్పీలుకి పోవచ్చు. ఇదంతా మానేసి నేరుగా జేసీబీ తెస్తే ఆ రోజు చప్పట్లు పడతాయి, వారం తిరక్కుండా అవతలివాడు నేలపాడులో హైకోర్టుకి వెళ్ళి స్టే తెచ్చుకుంటాడు, ఆ స్టే కింద ఆక్రమణ ఏళ్ళ తరబడి పదిలంగా ఉంటుంది. నా సర్వీసులో నోటీసు సరిగా అందించలేదన్న ఒక్క కారణంతో మంచి కేసులు కొట్టుకుపోవడం చూశాను. ఇక్కడ జూనియర్ అసిస్టెంట్ ప్రతి నోటీసుకీ అందిన రసీదు, తలుపుకి అంటించినచోట పంచనామా, ఫోటో ఫైల్లో పెట్టాడు. ఆ కుర్రాడికి ప్రత్యేకంగా అభినందనలు, ఫైలు ఎలా కట్టాలో తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు.

సెక్షన్ 6 ప్రకారం ఆక్రమించిన నేల మీద ఉన్న పైరుని కూడా సర్కారు స్వాధీనం చేసుకోవచ్చు. మేడం ఆ పని చేయలేదు. చివరి కోత అయిపోయేదాకా గడువు ఇచ్చి, ఆ తారీఖు ఆర్డర్‌లోనే రాసి, ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఆగలేదు. రైతులు చాలామంది తమ గట్లు తామే వెనక్కి జరుపుకున్నారు. మిగిలినచోట పంచాయతీ జేసీబీ వచ్చి తీసింది. మా నాన్న కాలం నుంచి దున్నుకుంటున్నామని వాదించినవాళ్ళకి, పట్టా చూపించమని అడిగి, లేదంటే లేదని ఆర్డర్‌లో రాశారు. ఇంకో సంగతి, 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించడానికి పథకాలు వేయమని అన్ని రాష్ట్రాలకీ చెప్పింది, ఎంతకాలంగా ఉన్నా, ఎంత ఖర్చు పెట్టి కట్టినా అది సమర్థన కాదన్నది. ఆ తీర్పు కాపీ ఒకటి అర్జీకి జత చేయండి, ఉపయోగపడుతుంది.

గుడిసె ముసలామె విషయం వేరు. నోటీసు ఆమెకీ ఇచ్చారు, చట్టం ముందు తేడా చూపించలేరు. కానీ అదే రోజు వీఆర్వోతో ఆమె ఇంటి స్థలం దరఖాస్తు పెట్టించి, స్థలం చూపించేదాకా గుడిసె జోలికి పోవద్దని నోట్ రాశారు. గుడిసె ఉన్నచోట దారి వెడల్పు ఇంకా తక్కువే. దాని మీద ఊళ్ళో కొందరు గొణుగుతున్నారు. నేను మేడం పక్షమే. పొలం ఉండి గట్టు జరిపినవాణ్ణీ, తలదాచుకోవడానికి రేకులు వేసుకున్నామెనీ ఒకే రోజు ఖాళీ చేయించక్కర్లేదు.

వెంచర్ గోడ మాత్రం అలాగే ఉంది. వాళ్ళు పాత దస్తావేజులు తెచ్చి ఆ మూల మా పట్టా భూమిలోది అన్నారు. 1982లో తుమ్మల కృష్ణారావు కేసులో సుప్రీంకోర్టు మన రాష్ట్రం విషయంలోనే చెప్పిన మాట ఒకటుంది: హక్కు మీద నిజమైన వివాదం ఉంటే సర్కారు ఈ తొందర పద్ధతిలో ఖాళీ చేయించకూడదు, మామూలు కోర్టులో తేల్చుకోవాలి. మా ఊరి కుర్రాళ్ళకి ఇది మింగుడు పడలేదు, చిన్నవాళ్ళ గట్లు తీసి పెద్దవాడి గోడ వదిలేశారని మాట పడింది. ఆమె అందరినీ కూర్చోబెట్టి, ఇప్పుడు కొడితే కేసు మొత్తం పోతుంది, మిగతా డొంక కూడా దానితో పాటు చిక్కుకుంటుంది అని వివరించారు. ఆ ముక్కని విడదీసి పైకి రాశారు. ఆ సర్వే నంబర్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్ ముందు డొంక హద్దు సరిచూడాలని సబ్‌రిజిస్ట్రార్‌కి లెటర్ పెట్టారు. నాకు తెలిసి అది సరైన నిర్ణయమే, కానీ ఆ గోడ అక్కడ ఉన్నంతకాలం ఊరివాళ్ళ మనసులో ముల్లు ఉంటుంది, దాన్నీ తప్పు పట్టలేను.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, మొదటిది నోటీసుల భాష. ‘సదరు భూమియందు అనధికారికముగా’ అని మొదలై పేజీ చివరిదాకా ఒకే వాక్యం. చదువుకున్నవాళ్ళకే అర్థం కాదు, ఆ ముసలామె దాన్ని అరెస్టు వారెంటు అనుకుని రెండు పూటలు అన్నం తినలేదు. నాలుగు లైన్లు మామూలు తెలుగులో కింద రాస్తే ఏం పోతుంది? రెండోది సర్వేయర్ల కొరత. ఉన్న మండల సర్వేయర్‌ని ఎప్పుడు చూసినా వేరే పని మీద పంపుతున్నారు, పొలం హద్దులు కొలవమని రైతులు డబ్బు కట్టి పెట్టుకున్న ఎఫ్‌-లైన్ దరఖాస్తులే పేరుకుపోయి ఉన్నాయి, మా డొంక కొలత నెలల తరబడి వాయిదా పడటానికి అదే కారణం. మూడోది నాకు బాగా కోపం తెప్పించింది. కొలిచి ఖాళీ చేయించాక రాళ్ళు పాతడానికి డబ్బు ఎవరిది అన్న దగ్గర మళ్ళీ రెవెన్యూ, పంచాయతీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఊరివాళ్ళం చందా వేసుకుని రాళ్ళు కొన్నాం, సర్వేయర్ దగ్గరుండి పాతించాడు. రాళ్ళు లేని హద్దు వచ్చే దుక్కికి మళ్ళీ జరుగుతుంది, ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, అయినా దానికి బడ్జెట్ లేదు.

డొంక కోసం ఇంత రాద్ధాంతమా అని గుంటూరు టౌన్లో ఉన్న మా బంధువొకాయన అన్నాడు. 2024 సెప్టెంబరు మొదటి వారం ఎవరూ మర్చిపోకూడదు. బుడమేరు వాగుకి గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి, పాల ప్యాకెట్లు డ్రోన్లతో వేశారు. అప్పుడే ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు పోయాయి, బ్యారేజీ కట్టాక అంత వరద చూడలేదు. వాన ఎక్కువ పడింది, నిజమే, కానీ నీళ్ళు పోవాల్సిన వాగు ఏళ్ళ తరబడి రెండు పక్కలా కుంచించుకుపోయి ఉంది. అక్కడ కూడా మొదలైంది ఇలా గట్టు పక్కన ఒక చాలుతోనే. వాగు పోరంబోకు అని రికార్డులో రాసి ఉన్న నేల మీద ఇళ్ళు లేచాక, వాటిలో పేదవాళ్ళు అప్పు చేసి కొనుక్కుని కాపురం పెట్టాక, తహసీల్దార్ ఎంత సమర్థురాలైనా ఏం చేయగలదు? చేయాల్సింది పొలం గట్టుగా ఉన్నప్పుడే.

మీ ఊళ్ళో ఇలాంటిది ఉంటే నేను చెప్పేది వినండి. మీభూమి వెబ్‌సైట్‌లో ఊరి నక్ష, ఎఫ్‌ఎంబీ, అడంగల్ చూసి సర్వే నంబర్లు రాసుకోండి. ఆర్‌ఎస్‌ఆర్ నకలు కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, మన రాష్ట్రంలో మండల ఆఫీసుకైతే ఫీజు 5 రూపాయలు, 30 రోజుల్లో ఇవ్వాలి. అర్జీలో మనుషుల పేర్ల కన్నా నంబర్లు ముందు రాయండి. ఒక్కరు కాకుండా ఆ దారి వాడే రైతులందరూ సంతకాలు పెట్టండి. అర్జీ కాపీ పంచాయతీ కార్యదర్శికి కూడా ఇచ్చి రసీదు తీసుకోండి, బంతి అటూ ఇటూ తన్నకుండా ఉంటారు. మధ్యలో ‘పరిష్కరించబడింది’ అని మెసేజ్ వస్తే ఊరుకోకుండా అర్జీ మళ్ళీ తెరవమని అడగండి. సర్వేయర్ వచ్చే రోజు పక్క పొలం రైతుల్ని కూడా పిలవండి, వాళ్ళు లేకుండా జరిగిన కొలత నిలవదు. పాత రాళ్ళు ఎక్కడున్నాయో ఊళ్ళో పెద్దవాళ్ళని ఇప్పుడే అడిగి ఫోటోలు తీసి పెట్టుకోండి.

మా డొంకలో ఈ ఏడు మిర్చి ట్రాలీలు చివరి పొలం దాకా వెళ్ళాయి. కోత కూలీల ఆటో కూడా వెళ్తోంది. వెంచర్ మూల దగ్గర మాత్రం పెద్ద లారీ తిరగదు, అక్కడ ఇప్పటికీ దింపి ఎక్కించాల్సిందే. ఆ ముక్క మీద ఆర్డర్ ఎటు వచ్చినా ఈ రివ్యూ కిందనే రాస్తాను, మార్కులు మార్చాల్సి వస్తే మారుస్తాను.